డాబా మీద ఆరంగుళాల అద్దం: అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా

అక్టోబరు 12, 2025, ఆదివారం. హైదరాబాదు

పెట్టె వచ్చింది. ఆకాశం నిండా మబ్బు. కొత్త దుర్భిణి కొన్నవాడి ఇంటి మీద వారం పాటు మబ్బు వదలదని ఈ వ్యసనం ఉన్నవాళ్ళలో ఒక నమ్మకం ఉంది. దాన్ని నేను కాదనే రుజువు ఇంకా దొరకలేదు.

కొన్నది ఆరంగుళాల డాబ్సోనియన్, చేత్తో తిప్పుకొనే అద్దం దుర్భిణి. అద్దం వ్యాసం 150 మిల్లీమీటర్లు, నాభ్యంతరం, అంటే అద్దం వెలుగును ఒకచోట కలిపే దూరం, 1200. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవాళ్ళకు నాభ్యంతరం అనగానే పదో తరగతి భౌతికశాస్త్రం గుర్తుకు రావాలి. 1200ను 150తో భాగిస్తే 8. దుర్భిణి భాషలో ఎఫ్/8. ఈ ఎనిమిది ఈ డైరీలో మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఎనిమిదంగుళాలది ఎందుకు కొనలేదని ఇద్దరు ఇప్పటికే అడిగారు. అది ఒకటిముప్పావు రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది, నిజమే. కానీ మేముండేది మూడో అంతస్తు, డాబా నాలుగోది, లిఫ్టు మూడో దాకానే. గొట్టం ఒక విడత, పీఠం ఒక విడత, చిరాకు పడకుండా నేను ఒక్కడినే మోయగలిగేది ఆరంగుళాలదే. మోయలేని దుర్భిణి ఎంత పెద్దదైనా అది గదిలో ఫర్నిచరే. ఇంకో కారణం కూడా ఉంది. ఎఫ్/8 గొట్టంలో వెలుగు కిరణాలు నెమ్మదిగా వాలుతూ ఒక చోట కలుస్తాయి కాబట్టి చవక ఐపీస్‌లు (కన్ను పెట్టి చూసే కటకాలు) కూడా మర్యాదగా పనిచేస్తాయి. ఎఫ్/5 గొట్టంలో అవే ఐపీస్‌లు అంచుల్లో చుక్కల్ని సాగదీసి చూపిస్తాయి. దుర్భిణి మీద మిగిల్చిన డబ్బు ఐపీస్‌ల మీద పోయే ప్రమాదం ఇలా కొంత తగ్గుతుంది. తగ్గుతుందనే అనుకున్నాను.

పాత పాపం ఒకటి ఒప్పుకోవాలి. పదేళ్ళ కిందట మా అమ్మాయి పుట్టినరోజుకు 76 మి.మీ. అద్దం ఉన్న ఒక బొమ్మ దుర్భిణి కొన్నాను. పెట్టె మీద 675 రెట్లు అని అచ్చేసి ఉంది. అద్దం వ్యాసంలో మిల్లీమీటరుకు రెండు రెట్లకు మించి పెంచితే కొత్త వివరమేమీ కనిపించదు, ఉన్న మసకే పెద్దదవుతుంది. ఆ లెక్కన దాని పరిమితి 150. మూడుకాళ్ళ స్టాండు గాలికి గడ్డిపోచలా ఊగేది. దానితోపాటు ఐపీస్‌కు బిగించే నల్లని సూర్య ఫిల్టరు కూడా వచ్చింది. అద్దం పోగుచేసిన సూర్యుడి వేడంతా నేరుగా ఆ చిన్న గాజుబిళ్ళ మీద పడితే అది పగులుతుంది, పగిలిన మరుక్షణం కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూసే ఫిల్టరు ఎప్పుడూ గొట్టం ముందు మూతి మీదే ఉండాలి. ఈ రోజు వెతికి దాన్ని సుత్తితో పగలగొట్టి చెత్తబుట్టలో వేశాను. ప్రాజెక్టులో మొదటి పని అదే.

అక్టోబరు 26, ఆదివారం. డాబా

దీపావళి పొగ ఇంకా పూర్తిగా దిగలేదు. చంద్రుడికి అయిదు రోజులు. దుర్భిణితో వచ్చిన ఐపీస్‌లు రెండు: 25 మి.మీ., 10 మి.మీ. దుర్భిణి నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 25తో 48 రెట్లు, 10తో 120.

48లో చంద్రుడు పూర్తిగా పట్టాడు. 120లో వెలుగు నీడల సరిహద్దు మీద థియోఫిలస్, సిరిలస్, కేథరినా అనే మూడు పెద్ద బిలాలు వరుసగా దొరికాయి. థియోఫిలస్ మధ్యలోని కొండ శిఖరానికి మాత్రం ఎండ తగులుతోంది, దాని చుట్టూ అడుగంతా చీకటి. కింది అంతస్తు మేష్టారు పిలవకుండానే వచ్చారు. ఆయన రిటైరైన తెలుగు పండితులు. చూసి, చాలాసేపు ఏమీ అనకుండా, "చందమామలో కుందేలు ఎక్కడుందండీ ఇందులో?" అన్నారు. బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమగా వస్తుందని చెప్పాను. "అయితే కుందేలు శీర్షాసనం వేసిందన్నమాట" అని వెళ్ళి పడుకున్నారు.

గొట్టాన్ని కదపడం ఇంకా చేతికి రాలేదు. చంద్రుడు కుడివైపుకు జారుతున్నట్టు కనిపిస్తే ఎటు నెట్టాలో చేతికి తెలియాలి, బుర్రకు తెలిస్తే చాలదు. దీన్ని కనిపెట్టిన జాన్ డాబ్సన్ మీద కోపం, గౌరవం రెండూ కలిగాయి. ఆయన 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని వేదాంత సంఘం మఠంలో చేరి, 1967 దాకా సన్యాసిగా ఉండి, పారేసిన ఓడ కిటికీ గాజులతో అద్దాలు అరగదీసి, అట్ట గొట్టాల్లో బిగించి, వీధిలో పోయేవాళ్ళకు ఆకాశం చూపించాడు. మోటార్లు లేవు, యంత్రాంగం లేదు, చెక్కపెట్టె మీద తిరిగే గొట్టం, అంతే. అందుకే దీని ధరలో ఎక్కువ భాగం అద్దానికే పోతుంది. భూమి తిరిగినంత సేపూ గొట్టాన్ని మనమే తిప్పుకోవాలి, అది మన వాటా శ్రమ.

ఆశపడి రెండు ఐపీస్‌లు ఆర్డరిచ్చాను: వెడల్పుగా చూడటానికి 40 మి.మీ., దగ్గరగా చూడటానికి 4 మి.మీ. ఐపీస్‌కు ముందు తగిలిస్తే రెట్లను రెండింతలు చేసే బార్లో కటకం కూడా ఒకటి.

నవంబరు 5, బుధవారం. కార్తిక పౌర్ణమి

ఇంటింటా దీపాలు, పైన నిండు చంద్రుడు. ఆకాశం చూసే పని లేదు కాబట్టి పగటిపూట కొలతలు తీశాను.

పగలు దుర్భిణిని సూర్యుడికి దూరంగా ఉన్న గోడవైపు తిప్పి, ఐపీస్ నుంచి ఒక అడుగు వెనక్కి జరిగి చూస్తే, గాజు మీద గాలిలో తేలుతున్నట్టు చిన్న తెల్లని బిళ్ళ కనిపిస్తుంది. అద్దం పోగుచేసిన వెలుగంతా ఆ బిళ్ళ గుండానే బయటికి వస్తుంది. ఇంగ్లీషులో ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు, నేను వెలుగు బిళ్ళ అని రాసుకుంటున్నాను. దాని వ్యాసం కావాలంటే ఐపీస్ నాభ్యంతరాన్ని 8తో భాగించాలి. ట్రేసింగ్ కాగితం అడ్డం పెట్టి స్కేలుతో కొలిచాను. 25కి మూడు మిల్లీమీటర్లకు కొంచెం పైన, 10కి మిల్లీమీటరు దాటి కాస్త, కొత్తగా వచ్చిన 40కి అయిదు. లెక్కతో సరిపోయింది. 4 మి.మీ. ఐపీస్‌కు అర మిల్లీమీటరు, సూది మొన అంత, కొలవడం కుదరలేదు.

ఈ కొలత ఎందుకంటే, చీకట్లో మన కనుపాప కుర్రతనంలో ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, వయసుతో ఆ వెడల్పు తగ్గుతూ వస్తుంది. బిళ్ళ పాప కన్నా పెద్దదైతే అదనపు వెలుగు పాప చుట్టూ ఉన్న రంగు వలయం మీద పడి వృథా. మరీ చిన్నదైతే బొమ్మ మసకబారుతుంది, కంట్లో తేలే నలకలన్నీ పాముల్లా ఈదుతాయి. నాకు యాభై రెండు. ఈ వయసులో అయిదు మిల్లీమీటర్లు అంటే హద్దు మీద ఉన్నట్టే.

40 మి.మీ. మీద ఒక మోసం బయటపడింది. దుకాణం చేసింది కాదు, నా తెలివితక్కువతనం. ఒకటింపావు అంగుళం గొట్టంలో పట్టే ఐపీస్‌కు లోపలి కంత సుమారు 27 మి.మీ. మించదు. 32 మి.మీ. ఐపీస్ ఆ హద్దును అప్పటికే వాడేసుకుంటుంది. 40 కొన్నా ఒక్క చుక్క కూడా అదనంగా పట్టదు, అదే ఆకాశం ఇంకా చిన్న కిటికీలోంచి కనిపిస్తుంది. నాలుగు వందల పేజీలు చదివినవాణ్ణి, ఇది చదవలేదు.

నవంబరు 15, శనివారం. డాబా

ఇవాళ్టి రాత పూర్తిగా చిరాకు మీద.

25తో చుక్కలు చుక్కల్లా లేవు. బ్రహ్మహృదయం ఎగిరే కొంగలా రెండు రెక్కలు చాచుకొని ఉంది. ఫోకస్ అటు జరిపితే రెక్కలు నిలువు, ఇటు జరిపితే అడ్డం. 10తో మాత్రం దాదాపు గుండ్రం. నాకు మొదట అద్దాల మీద అనుమానం వచ్చింది. ప్రయాణంలో అద్దాల వరస తప్పి ఉంటుంది.

పాత ఫిల్ముడబ్బా మూతకు సరిగ్గా మధ్యలో కంత పెట్టి, ఐపీస్ స్థానంలో తగిలించి చూస్తే మూడు విషయాలు కనపడాలి: చిన్న అద్దం, అందులో పెద్ద అద్దం, దాని మధ్యలో అంటించిన ఉంగరం లాంటి గుర్తు. అన్నీ ఒకే కేంద్రం మీద ఉండాలి. నాది ఒక వెంట్రుకవాసి పక్కకు ఉంది. వెనక మరలు సగం చుట్టు తిప్పితే కుదిరింది. తరువాత బ్రహ్మహృదయాన్ని 120 రెట్లలో ఫోకస్ తప్పించి చూశాను. వలయాల మధ్య నల్లని చుక్క నడిమధ్యలో ఉంది. అంటే అద్దాలు బాగున్నాయి. ఎఫ్/8లో ఇది అంత సున్నితం కూడా కాదు, కొంచెం తప్పినా క్షమిస్తుంది.

25లో మళ్ళీ కొంగ. అంటే ఐపీస్‌దే తప్పని తేల్చేశాను. అమ్మినవాళ్ళకు కొంత కటువుగానే రాశాను.

నవంబరు 24, సోమవారం. డాబా

వాళ్ళు మారు మాట లేకుండా కొత్త 25 పంపారు. తగిలించాను. అదే కొంగ, అవే రెక్కలు.

చాలాసేపు స్టూలు మీద ఊరికే కూర్చున్నాను. తరువాత, ముందే చేయాల్సిన పని చేశాను. ఐపీస్‌ను దాని గొట్టంలోనే పావు చుట్టు తిప్పాను. రెక్కలు కదలలేదు. తప్పు ఐపీస్‌ది కాదు. ఐపీస్‌ను వదిలేసి నా తలను పక్కకు వాల్చాను. రెక్కలు తలతోపాటు వాలాయి. తల నిటారుగా ఎత్తితే అవీ నిటారుగా లేచాయి.

తప్పు నా కంటిది. సైటుతోపాటు నాకు సిలిండర్ పవర్, అంటే కంటి వంకరను సరిదిద్దే పవర్, ఉంది, కుడికన్ను 1.75. మామూలు సైటును దుర్భిణి ఫోకస్ సరిదిద్దుతుంది కాబట్టి కళ్ళద్దాలు తీసి చూడవచ్చని చదివి, మొదటి రోజు నుంచీ తీసే చూస్తున్నాను. సిలిండర్‌ను ఫోకస్ సరిదిద్దలేదు. మరి 10తో ఎందుకు బాగుంది? వెలుగు బిళ్ళ. 25లో మూడు మిల్లీమీటర్ల బిళ్ళ నా కంటి వంకరనంతా వాడుకుంటోంది. 10లో మిల్లీమీటరు చిల్లర బిళ్ళ కంటి నడిమి ముక్క ఒక్కదాన్నే వాడుకుంటుంది, ఆ ముక్కలో వంకర తెలియదు. కళ్ళద్దాలు పెట్టుకొని 25లో చూశాను. బ్రహ్మహృదయం గుండుసూది తలలా నిలిచింది.

అమ్మినవాళ్ళకు క్షమాపణ రాశాను. ఆ రెండో 25ను తిప్పి పంపేస్తున్నాను.

ఆ ఊపులో శనిగ్రహం. ఈ నెల వలయాలు మనకు అర డిగ్రీ కన్నా తక్కువ వాలుతో, దాదాపు అంచున నిలబడి ఉన్నాయి. 120 రెట్లలో పసుపు రంగు గోళీని సన్నని సూది గుచ్చి పోయినట్టు. వలయాలు విప్పారి ఉండే శనిని చూపిస్తానని మా ఆవిడకు ఏళ్ళుగా చెబుతున్నాను. చూసి, "ఇదేనా?" అంది. పదిహేనేళ్ళకొకసారి వచ్చే దృశ్యమని చెప్పాను. "అయితే మిగతా పద్నాలుగేళ్ళలో పిలవలేకపోయారా" అంది.

ఇంతకీ నా జాబితా మారిపోయింది. తక్కువ రెట్ల ఐపీస్‌కు నా కళ్ళద్దాలు పట్టాలి, అంటే గాజుకు, కన్నుకు మధ్య ఇరవై మిల్లీమీటర్ల దాకా ఖాళీ కావాలి. ఎక్కువ రెట్లదానికి కళ్ళద్దాలు అక్కర్లేదు కాబట్టి ఖాళీ కొంచెం తగ్గినా పర్వాలేదు. మామూలు ప్లోసెల్ ఐపీస్‌లలో ఈ ఖాళీ నాభ్యంతరంలో ముప్పాతిక వంతు దగ్గర ఉంటుంది. 32లో పుష్కలం. 10లో ఏడు మిల్లీమీటర్లు. ఆ 4లో మూడు, కనురెప్ప వెంట్రుకలు గాజును తుడుస్తున్నాయి.

డిసెంబరు 13, శనివారం. నర్సాపూర్ అడవి దాటి, ఒక మిత్రుడి మామిడితోట

మిథున ఉల్కల రాత్రి. నలుగురం, మూడు దుర్భిణులు, ఒక ఫ్లాస్కు టీ. ఉల్కల లెక్క ముప్పై ఏడు దగ్గర మానేశాను, ఎందుకంటే నేను వచ్చింది వేరే పని మీద: ఇతరుల ఐపీస్‌లు అరువు తెచ్చుకొని నా గొట్టంలో పెట్టి చూడటం. కొనకముందు చేయాల్సిన పని ఇదొక్కటే, నేను కొన్నాక చేస్తున్నాను.

ముందు కొలత. ఓరియన్ నడుము పట్టీలో పడమటి చివరి చుక్క మింటక ఖగోళ మధ్యరేఖకు ఆనుకొని ఉంటుంది. గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే అది నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరుగుతుంది. ఒక అంచులో పుట్టి, మధ్యగా సాగి, రెండో అంచులో మునిగేదాకా ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టాను. 25లో 4 నిమిషాల 12 సెకన్లు, అంటే 1.05 డిగ్రీలు. 10లో 1 నిమిషం 40 సెకన్లు, 0.42 డిగ్రీలు. అరువు తెచ్చుకున్న 32 ప్లోసెల్‌లో 5 నిమిషాల 10 సెకన్లు, 1.29 డిగ్రీలు. నా 40లో 5 నిమిషాల 8 సెకన్లు. ఆ రెండు సెకన్ల తేడా నా బొటనవేలిది. కార్తిక పౌర్ణమినాడు కాగితం మీద తేలిన నష్టం ఈ రోజు గడియారం మీద కూడా తేలింది.

తరువాత ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘం మీద వరసగా. 32లో నెబ్యులా రెక్కలు పూర్తిగా విచ్చుకున్నాయి, కళ్ళద్దాలతోనే అంచు దాకా కనిపించింది. కంటికి 68 డిగ్రీల వెడల్పు కిటికీలా కనిపించే 24 మి.మీ. ఐపీస్ ఒకటి ఒకాయన ఇచ్చారు. 32 పట్టినంత ఆకాశాన్నే పట్టింది, కానీ 50 రెట్లలో. వెలుగు బిళ్ళ మూడు మిల్లీమీటర్లకు తగ్గడం వల్ల వెనక ఆకాశం ఇంకా నల్లబడి, నెబ్యులా తేటగా తేలింది. ఊరి వెలుగు ఉన్నచోట ఇది పెద్ద లాభం. చూసి చాలాసేపు తిరిగి ఇవ్వలేదు. ధర అడిగాను, తిరిగి ఇచ్చేశాను. దాని ఖరీదుతో నాలుగు ప్లోసెల్‌లు వస్తాయి.

ఎక్కువ రెట్ల వైపు అసలు పాఠం దొరికింది. మోటారు లేని డాబ్సోనియన్‌లో 200 రెట్లు పెడితే, 50 డిగ్రీల మామూలు ఐపీస్‌లో పావు డిగ్రీయే పడుతుంది. నిమిషంలో వస్తువు బయటికి పోతుంది. నెట్టి, ఊగిసలాట ఆగేదాకా ఆగి, చూసేసరికి మళ్ళీ నెట్టాలి. 60 డిగ్రీల 8 మి.మీ. ఒకటి దొరికింది. 150 రెట్లలో అది 0.4 డిగ్రీలు చూపిస్తుంది, 96 సెకన్లు. అంటే నా 10తో 120 రెట్లలో దొరికే సమయం దాదాపు అంతే, పైగా కన్ను పెట్టుకోవడానికి ఖాళీ ఎక్కువ. నెబ్యులా గుండెలోని ట్రపీజియంలో నాలుగు చుక్కలతోపాటు అయిదోది కూడా అప్పుడప్పుడు మెరిసింది. రైజెల్ వెలుగు పక్కనే, తొమ్మిదిన్నర ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దూరంలో, దాని చిన్న జత చుక్క ఆవగింజలా నిలకడగా కనిపించింది. 4 మి.మీ. పెట్టి 300 రెట్లు చేస్తే రైజెల్ ఉడుకుతున్న గంజి అయింది.

ఆరంగుళాలు చిన్నదన్న దిగులు ఈ రాత్రితో పోయింది. అయినా దిగులు పడటానికి నేనెవరిని? 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని విశాఖపట్నం డాబా గార్డెన్స్ వేధశాలలో అంకితం వెంకట నరసింగరావు గారు ఆరంగుళాల దుర్భిణితోనే పరిశీలించారు. ఆయనది కటకం, నాది అద్దం. ఆయన ఉన్నదీ డాబా గార్డెన్సే, నేనున్నదీ డాబానే అని మేష్టారితో అంటే, అది శ్లేష కాదు, కక్కుర్తి అన్నారు.

జనవరి 10, 2026, శనివారం. డాబా

గురుగ్రహం ఈ రోజు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా. మిథునంలో ఉంది. నిరుడు మే నెలలో గురువు మిథునంలో ప్రవేశించినప్పుడే కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. జనం నదిలో మునిగింది ఈ చుక్క లెక్క మీదే, కానీ చుక్కను చూపించమని ఎవరూ అడగలేదు.

మన అక్షాంశంలో ఒక ఇబ్బంది ఉంది. ఈ ఏడు గురువు నడిరాత్రి నడినెత్తికి వస్తాడు. డాబ్సోనియన్‌కు నడినెత్తి అంటే తలనొప్పి. గొట్టం నిటారుగా నిలబడ్డాక, వస్తువు కాస్త కదిలితే పీఠాన్ని చాలా తిప్పాలి, నెడితే గొట్టం వాలదు, గిరగిరా తిరుగుతుంది. ఐరోపా వాళ్ళు గురువు ఎంత పైకి వస్తే అంత సంతోషిస్తారు. నేను తొమ్మిదిన్నరకే, యాభై డిగ్రీల ఎత్తులో ఉండగానే పట్టుకున్నాను.

రెండో ఇబ్బంది డాబా. పగలంతా ఎండను తాగిన స్లాబు రాత్రంతా వేడిని కక్కుతుంది, ఆ గాలి గొట్టం ముందు నుంచే లేస్తుంది. సాయంత్రం నాలుగు బకెట్ల నీళ్ళు చల్లి, పీఠం కింద తడి గోనెపట్టాలు పరిచాను. గంట ముందే గొట్టం మూత తీసి అద్దాన్ని చల్లారనిచ్చాను. ఎనిమిదింటికి బొమ్మ అలల కింద రాయిలా ఉంది, పదింటికి నిలకడకు వచ్చింది.

8 మి.మీ. కొన్నది వచ్చింది, 150 రెట్లు. గురువు మధ్యరేఖ పట్టీలు రెండు స్పష్టం, ఉత్తరపు పట్టీ అంచున గడ్డకట్టిన మీగడ లాంటి వంకరలు. బార్లోలో 10 పెట్టి 240 రెట్లు చేశాను. పెద్దదైంది, కొత్తగా ఏమీ కనపడలేదు. మళ్ళీ 150కి దిగితే పట్టీల అంచులు తిరిగి వచ్చాయి. ఇలా ఎక్కుతూ దిగుతూ గంట గడిపాను. ఆ గంటలో అంచులు కొన్ని సెకన్ల పాటు గాజు మీద గీసినట్టు తేటబడటం నాలుగైదుసార్లు జరిగింది. ఐపీస్ ఏదైనా ఆ సెకన్ల కోసం కూర్చోవాల్సిందే.

జనవరి 16, శుక్రవారం. కనుమ రాత్రి. గిద్దలూరు దగ్గర మా ఊరు

అమావాస్యకు రెండు రోజులు. దుర్భిణిని కారు వెనక సీటులో అడ్డంగా పడుకోబెట్టి, పీఠం డిక్కీలో పెట్టి తెచ్చాను. పిండివంటల డబ్బాలు మా ఆవిడ ఒళ్ళో. భోగి మంటల పొగ పోయింది. నల్లమల వైపు ఒక్క దీపం లేదు.

32 మి.మీ. కూడా వచ్చేసింది, ఇదే దాని తొలి రాత్రి. 37 రెట్లు, నాలుగు మిల్లీమీటర్ల బిళ్ళ, కళ్ళద్దాలతో. చీకటి ఊళ్ళో దీని విలువ తెలిసింది. జంటగా ఉండే ఎం46, ఎం47 అనే చుక్కల గుంపుల మీద గొట్టాన్ని ఊరికే అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాను. ఎం46లో పిండి చల్లినట్టు చుక్కలు, వాటి మధ్య 8 మి.మీ. పెడితే బూడిదరంగు పొగ ఉంగరం. దక్షిణాన అగస్త్యుడు చింతచెట్టు పైన.

పదిన్నరకు అమ్మ శాలువా కప్పుకొని పెరట్లోకి వచ్చింది.

"ఏం చూస్తున్నావు నాయనా ఇంత చలిలో?"

"కృత్తికలు పెట్టానమ్మా. చూస్తావా?"

"కృత్తికలు కాదు, అది పిల్లలకోడి. మా అమ్మ చూపించేది, పొలం నుంచి వచ్చేటప్పుడు."

స్టూలు వేసి కూర్చోబెట్టాను. పిల్లలకోడి గుంపులో ముఖ్యమైన చుక్కలు ఒక డిగ్రీ వెడల్పులో ఉంటాయి. 25లో అంచులకు కుక్కినట్టుంటాయి, 32లో చుట్టూ కాస్త నల్లని ఆకాశంతో చక్కగా సర్దుకుంటాయి. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కనపడటం లేదేమో అనుకున్నాను.

"పిల్లలు చాలా ఉన్నాయిరా. మనం ఆరే అనుకుంటాం" అంది. కాసేపాగి, "అన్నీ నీలంగా ఉన్నాయి" అంది.

నేను చూస్తే నాకు తెల్లగానే ఉన్నాయి. కొంచెం నీలమేమో అన్నంత. ఆమె రెండేళ్ళ కిందట శుక్లాల ఆపరేషన్ చేయించుకుంది. వయసుతో కంటి కటకం పసుపు బారి నీలాన్ని మింగేస్తుంది. ఆ కటకం తీసి కొత్తది పెట్టినవాళ్ళకు నీలం తిరిగి వస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ కంట్లో ఉన్న గాజు నా ఐపీస్‌ల కన్నా కొత్తది. ఇది ఏ సమీక్షలోనూ రాయరు.

రెండింటికి మంచు దిగింది. ఐపీస్ గాజు మీద ఆవిరి పట్టింది, తుడిస్తే గీతలు పడతాయి. వాడని ఐపీస్‌ను చొక్కా జేబులో వెచ్చగా పెట్టుకొని మార్చి మార్చి వాడాను. చుక్కను గురిపెట్టే ఎర్రచుక్క ఫైండరుకు మాత్రం జేబు చాలదు, దానికి గుడ్డ కప్పాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

సర్దుళ్ళు. పెట్టెలో మిగిలినవి మూడు.

32 మి.మీ., వెతకడానికి, వెడల్పు దృశ్యాలకు, కళ్ళద్దాలతో. 25 మి.మీ. ఒంటరిగా అయితే 32కి మరీ దగ్గర, రెండూ ఉండటం అనవసరం. కానీ బార్లోలో పెడితే 96 రెట్లు, ఒకటిన్నర మిల్లీమీటర్ల బిళ్ళ, 25 ఇచ్చే విశాలమైన ఖాళీ అలాగే ఉంటుంది. బార్లోను దానికి టేపుతో చుట్టేశాను, ఇక అది ఒకే ఐపీస్. మూడోది 8 మి.మీ., 150 రెట్లు, కళ్ళద్దాలు లేకుండా. 10 మి.మీ.ని మేష్టారి మనవడికి ఇచ్చాను. వాడికి ఒక చిన్న దుర్భిణి ఉంది, ఐపీస్ దరిద్రం. 40 మి.మీ.ని మామిడితోట మిత్రుడు సగం ధరకు తీసుకున్నాడు, ఆయనది రెండంగుళాల గొట్టం, ఎందుకు తీసుకున్నాడో నాకు అర్థం కాలేదు. 4 మి.మీ.ని ఎవరికి ఇవ్వబోయినా చేతులు వెనక్కి తీసుకుంటున్నారు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 26, గురువారం. ఒంగోలు. మేనల్లుడి పెళ్ళి

శుక్ర మూఢం పోయింది, ముహూర్తాలు వచ్చాయి. మూఢం అంటే శుక్రుడు సూర్యుడి వెలుగులో మునిగి కనపడకపోవడమే. ఈసారి జనవరి మొదటి వారంలో సూర్యుడికి అవతలి పక్కగా దాటాడు. ఇవాళ సాయంత్రం పడమట పెళ్ళిపందిరి మీదుగా చూస్తే మళ్ళీ వచ్చాడు, కిందుగా, కొత్తగా.

పగలు పదకొండు దాటాక పురోహితుడు వధూవరుల్ని ఎండలోకి తీసుకువెళ్ళి అరుంధతిని చూపించాడు. ఇద్దరూ కళ్ళు చికిలించి, కనిపించిందని తలలూపారు. నా పెళ్ళిలో నేనూ ఊపాను.

రాత్రి భోజనాలయ్యాక మేనల్లుడు వచ్చాడు. "మామయ్యా, దుర్భిణి కారులోనే ఉందటగా?"

పదకొండు దాటింది. డాబా మీద ఈశాన్యంగా సప్తర్షులు ముప్పై డిగ్రీల ఎత్తుకు లేచారు. తోకలో రెండో చుక్క వశిష్ఠుడు, పక్కనే పన్నెండు ఆర్క్‌నిమిషాల్లో, అంటే డిగ్రీలో అయిదో వంతు దూరంలో, అరుంధతి. చంద్రుడి వెలుగు ఉన్నా జంట చుక్కలకు అడ్డం కాదు. 32 పెట్టి, మధ్యకు తెచ్చి పక్కకు జరిగాను.

పెళ్ళికూతురు ముందుకు వచ్చి ఆగింది. "కళ్ళద్దాలు తీయాలా మామయ్య గారూ?"

"సిలిండర్ ఉందా అమ్మా?"

"ఒకటిన్నర."

"అయితే ఉంచుకో. ఈ ఐపీస్‌కు తీయకూడదు."

పూలజడ గొట్టానికి తగలకుండా మేనల్లుడు పట్టుకున్నాడు. ఆమె చూసింది. "నాలుగు కనిపిస్తున్నాయి. ఇందులో అరుంధతి ఎవరు?"

మూడు ఉండాలి. వశిష్ఠుడు దుర్భిణిలో పద్నాలుగు ఆర్క్‌సెకన్ల ఎడంతో జంటగా విడిపోతాడు, దూరంగా అరుంధతి. నాలుగోది ఎక్కడిదని నేను వంగి చూశాను. ఉంది, వశిష్ఠుడికీ అరుంధతికీ మధ్య, ఒక పక్కగా, మసకగా. 1722లో జర్మనీలో ఒకాయన దాన్ని కొత్త గ్రహమనుకొని తన ప్రభువు లుడ్విగ్ పేరు పెట్టేశాడని చదివి ఉన్నాను. చదివి ఉండి కూడా ఎప్పుడూ వెతకలేదు.

"ఇదిగో, ఇది అరుంధతి, ఆ అంచు వైపు ఒంటరిగా ఉన్నది" అని చెప్పాను. మేనల్లుడు తన వంతు కోసం జడ వదిలేశాడు. జడ గొట్టానికి తగిలింది. నలుగురూ పక్కకు పోయారు.

32 మి.మీ., 37 రెట్లు, కళ్ళద్దాలతో. మళ్ళీ వెతకడానికి రెండు నిమిషాలు పట్టింది.